అశ్వగంధ కొనేముందు: మెడికల్ షాపు కౌంటర్ లోపలి నుంచి

"అక్కా, నిద్ర పడతలేదు. ఇంగ్లీషు గోలీ వద్దు, అలవాటైతదట. ఏదన్నా నేచురల్‌ది ఇయ్యి."

ఆర్మూర్‌లో మా షాపుకొచ్చేవాళ్ల నోట ఈ మాట వినని రోజుండదు. బీడీలు చుట్టే ఆడవాళ్లు అడుగుతారు. దుబాయ్‌లో ఉన్న పెనిమిటి ఫోన్ ఎత్తక రంది పెట్టుకున్నవాళ్లు అడుగుతారు. గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు గొంతు తగ్గించి అడుగుతారు. నేను బీఫార్మసీ చదివి షాపు పెట్టుకున్నదాన్ని, డాక్టర్ను కాను. అయినా ఎవరు ఏ గోలీ పక్కన ఏ చూర్ణం వాడుతున్నారో అందరికంటే ముందు తెలిసేది మాకే. ఆస్పత్రి డాక్టరుకు ఆయుర్వేదం సంగతి చెప్పరు, ఆయుర్వేద వైద్యుడికి ఆస్పత్రి సంగతి చెప్పరు. రెండు చీటీలూ చివరికి మా కౌంటర్ మీదికే వస్తాయి.

నేచురల్ వైద్యాన్ని నేను కొట్టిపారేయను. అందులో కొన్ని పనిచేస్తాయి, కొన్ని వట్టివి, కొన్ని పనిచేస్తాయి కాబట్టే ప్రమాదం. చెట్టు నుంచి వచ్చినా ఫ్యాక్టరీ నుంచి వచ్చినా, ఒంట్లో మార్పు తెచ్చేది మందే. దానికి మోతాదు ఉంటుంది, ఎన్నాళ్లు వాడాలన్న లెక్క ఉంటుంది, దానికి పడని మందులూ ఉంటాయి.

ఇంట్లో ప్రయత్నించకూడనివి

చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే, ఎవరూ లేకపోయినా మాటలు వినిపిస్తుంటే, రెండు మూడు రాత్రులు నిద్ర లేకున్నా అలసట లేకుండా గలగలా మాట్లాడుతూ డబ్బు విచ్చలవిడిగా ఖర్చు పెడుతుంటే, బాలింత బిడ్డను దగ్గరికి తీసుకోకుండా శూన్యంలోకి చూస్తుంటే, అక్కడ చూర్ణాలకూ ప్రాణాయామానికీ పని లేదు. నేరుగా మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. జిల్లా ఆస్పత్రిలో దొరక్కపోతే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ఆస్పత్రులున్నాయి. మానసిక సాయానికి సర్కారు నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. ఇంట్లో పురుగుల మందు డబ్బా ఉంటే ఆ రోజే బయటికి తరలించండి. పల్లెల్లో అన్నిటికంటే ముందు చేయాల్సిన పని అదే.

ముందు రక్తం చూపించుకోండి

దిగులు, నీరసం, మతిమరుపు, గుండెదడ అంటూ వచ్చినవాళ్లను నేను మొదట అడిగేది థైరాయిడ్ చూపించుకున్నారా అని. థైరాయిడ్ తగ్గితే దిగులు, మబ్బు. పెరిగితే దడ, చెమట, చేతుల వణుకు, అకారణంగా భయం. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, షుగర్, బీ12, విటమిన్ డీ, ఈ ఐదూ చూడకుండా మనసుకు మందు వెతకడం దండగ. సర్కారు దవాఖానాలో తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కింద చాలా పరీక్షలు ఉచితంగానే చేస్తారు.

బీ12 గురించి రెండు మాటలు చెప్పాలి. మాంసం, గుడ్లు ముట్టనివాళ్లలో ఇది తగ్గుతుంది. షుగర్‌కు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలోనూ తగ్గుతుంది. పొద్దున లేస్తూనే గ్యాస్ గోలీ అని పాంటాప్రజోల్ మింగేవాళ్లలోనూ తగ్గుతుంది. మా షాపులో ఈ రెండు గోలీలూ కలిపి కొనేవాళ్లు ఎందరో. అరికాళ్లలో తిమ్మిర్లు, చిరాకు, మాటలు మర్చిపోవడం ఉంటే బీ12 పరీక్ష వాయిదా వేయకండి.

మీరు వాడుతున్న మందులను కూడా ఒకసారి అనుమానించండి. జలుబు, అలర్జీ, ఆస్తమాలకు విరివిగా రాసే మాంటెలుకాస్ట్ వల్ల కొందరికి పీడకలలు, చిరాకు, దిగులు, ఆత్మహత్య ఆలోచనలు కూడా వస్తాయి. అమెరికా ఔషధ సంస్థ 2020లో దాని మీద తన అత్యంత గట్టి హెచ్చరిక పెట్టించింది. చిన్నపిల్లలు ఉన్నట్టుండి రాత్రిపూట అరుస్తూ లేస్తుంటే దిష్టి తీసేముందు అలర్జీ గోలీ స్ట్రిప్ వెనక్కి తిప్పి చూడండి. ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్లు నిద్రను పాడుచేస్తాయి. ఇలాంటివి మీ అంతట మీరు ఆపకుండా, రాసిన డాక్టరుకు చెప్పి మార్పించుకోండి.

ఊపిరి

నేచురల్ పద్ధతుల్లో నాకు అన్నిటికంటే నమ్మకం ఉన్నది ఇదే. ఖర్చు లేదు, వేరే మందులతో గొడవ లేదు.

దడతో వచ్చినవాళ్ల చేతులు చూస్తే వేళ్లు కొంకర్లు పోయి ఉంటాయి. పెదాల చుట్టూ తిమ్మిరెక్కిందంటారు. భయంలో ఊపిరి గబగబా తీసుకుంటారు కదా, దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, ఆ తిమ్మిరి అందువల్లే. తిమ్మిరి చూసి ఇంకా భయం, భయంతో ఇంకా వేగంగా ఊపిరి. ఇలాంటప్పుడు "గట్టిగా గాలి పీల్చుకో" అనేది పక్కనున్నవాళ్లు చేసే తప్పు. పీల్చడం కాదు, నెమ్మదిగా వదలడం కావాలి.

ఇలా చేయించండి. వీపు ఆనించి కూర్చోబెట్టండి. ఒక చెయ్యి ఛాతీ మీద, ఒక చెయ్యి బొడ్డు మీద. ముక్కుతో పీలుస్తూ మనసులో నాలుగు లెక్కపెట్టాలి, బొడ్డు మీది చెయ్యి లేవాలి, ఛాతీ మీది చెయ్యి లేవకూడదు. వదిలేటప్పుడు ఆరు లెక్కపెట్టాలి. మధ్యలో బిగబట్టొద్దు. అంటే పది సెకన్లకు ఒక ఊపిరి, నిమిషానికి ఆరు. అంత నిదానంగా అందకపోతే మూడు, ఐదుతో మొదలుపెట్టండి. ఐదు నిమిషాల్లో వేళ్లు వాటంతట అవే విచ్చుకోవడం నేను కౌంటర్ ముందున్న స్టూలు మీదే చూశాను. దడ వచ్చిన రోజే కాదు, పొద్దున, రాత్రి పది నిమిషాలు అలవాటు చేసుకుంటేనే అవసరమైన రోజు అందుతుంది. లెక్క పెట్టడం విసుగనిపిస్తే భ్రామరి చేయండి. తుమ్మెదలా 'మ్‌మ్‌' అంటూ వదిలేసరికి ఊపిరి దానంతట అదే పొడుగవుతుంది.

నలభై దాటినవాళ్లకు, షుగర్, బీపీ ఉన్నవాళ్లకు మొదటిసారి దడ వచ్చినా, ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లాగడం, చల్లని చెమట ఉన్నా ప్రాణాయామం తర్వాత సంగతి, ముందు ఈసీజీ.

కపాలభాతి, భస్త్రిక వేరే లెక్క. అవి వేగంగా ఊపిరి తీసే పద్ధతులు. ఉన్నట్టుండి తీవ్రమైన భయం, దడ ముంచెత్తే పానిక్ అటాక్‌లు వచ్చేవాళ్లకు సరిగ్గా ఆ అటాక్‌నే తెచ్చిపెడతాయి. బైపోలార్ (కొన్నాళ్లు మితిమీరిన హుషారు, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు వచ్చే జబ్బు) ఉన్నవాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు, గర్భిణులు, బీపీ అదుపులో లేనివాళ్లు వీటి జోలికి వెళ్లొద్దు. యోగా క్లాసులో చేరేటప్పుడే మాస్టారుకు మీ జబ్బు పేరు చెప్పండి. "అన్ని జబ్బులకూ ఇదే" అనే మాస్టారైతే వేరే క్లాసు చూసుకోండి. యోగాను మందుల పక్కన ఎలా వాడాలో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో ఏళ్లుగా పరిశోధన జరుగుతోంది. అక్కడ కూడా గోలీలు మాన్పించి యోగా పెట్టరు.

నిద్ర

నిద్ర గోలీ అలవాటవుతుందన్న భయం అబద్ధం కాదు. నిద్రకు వాడే ఆల్ప్రజోలం గట్టి ఆంక్షలున్న మందుల జాబితా, హెచ్1 షెడ్యూల్‌లో ఉంది. చీటీ లేకుండా ఇవ్వకూడదు, ఇచ్చిన ప్రతిసారీ రిజిస్టర్‌లో రాయాలి. ఆ రిజిస్టర్ మూడేళ్లు దాచాలి. అయితే గోలీ వద్దని సాయంత్రం సీసా కల్లు తాగి పడుకునేవాళ్లకు ఒక సంగతి గుర్తుచేయాలి. 2015లో ఎక్సైజ్ వాళ్లు కల్తీ కల్లు మీద దాడులు చేసి దుకాణాలు మూయించినప్పుడు మా నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ వైపు జనం మూర్ఛలొచ్చి, చేతులు వణుకుతూ, పిచ్చిపిచ్చిగా మాట్లాడుతూ ఆస్పత్రుల్లో పడ్డారు. చెట్టు కల్లు మానేస్తే అలా కాదు. ఆ కల్లులో కలిపింది డైజెపాం, ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ అనే నిద్ర, మత్తు మందులు. ఏళ్లుగా తాగి ఒక్కరోజులో ఆగేసరికి ఒళ్లు తిరగబడింది. గోలీ వద్దనుకున్నవాళ్లు గోలీనే తాగారన్నమాట, అదీ ఎంత మోతాదో తెలియకుండా. కల్లుకు అలవాటుపడినవాళ్లు అమాంతం ఆపకండి. దవాఖానాకు పోయి తాగేది దాచకుండా చెబితే మెల్లమెల్లగా తగ్గించే దారి చూపిస్తారు.

నిద్రకు మందుకంటే ముందు చేయాల్సినవి ఉన్నాయి. పడుకునే వేళ ఎలా ఉన్నా లేచే వేళ ఒక్కటే పెట్టుకోండి, ఆదివారమైనా అంతే. మంచం మీద కూర్చుని టీవీ, ఫోన్, బీడీ లెక్కలు పెట్టుకోవద్దు. పడుకుని ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే దొర్లకండి. లేచి వేరే చోట మసక వెలుతురులో కూర్చోండి, కళ్లు మూతపడుతుంటే అప్పుడు వెళ్లి పడుకోండి. మొదటి వారం ఇది నరకంలా అనిపిస్తుంది, పగలు కళ్లు మండుతాయి. రెండు మూడు వారాలకు మంచానికీ నిద్రకూ ముడి పడుతుంది. నిద్రలేమికి గోలీల్లేని వైద్యంలో డాక్టర్లు ముందు చెప్పేది ఇదే. బైపోలార్, మూర్ఛ ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ను అడక్కుండా నిద్ర తగ్గించుకునే పనులేవీ చేయకూడదు.

మూడు దాటాక చాయ్ మానండి. చాయ్, కాఫీల్లోని కెఫీన్ సగం దిగడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. ఆరింటికి తాగిన కప్పులో సగం రాత్రి పదకొండింటికి కూడా మీ ఒంట్లోనే ఉంటుంది. అరికాళ్లకు నువ్వుల నూనె రాసుకోవడం, గోరువెచ్చని పాలు, రెండూ మంచివే, నష్టం లేదు. పాలల్లో జాజికాయ వేస్తే చిటికెడే వేయండి. చెంచాలకొద్దీ వేస్తే గుండె వేగం పెరిగి, లేనివి ఉన్నట్టు కనబడే దాకా పోతుంది.

ఎండ, నడక, కంచం

ఇవి తెలిసినవే కాబట్టి కొద్దిలో చెప్తాను. ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద వెలుతురు కొన్ని వందల లక్స్ (వెలుతురును కొలిచే లెక్క) ఉంటుంది. చలిదేశాల్లో శీతాకాలపు దిగులుకు వైద్యంగా వాడే దీపం 10,000 లక్స్, పొద్దున అరగంట దాని ముందు కూర్చోవాలి. మనకు ఎండెక్కిన వాకిలే అంత వెలుతురిస్తుంది. పొద్దున చాట ఒళ్లో పెట్టుకుని ఇంట్లో గోడకు ఆనుకునే బదులు వాకిట్లో కూర్చుని బీడీలు చుట్టండి. టొరంటోలోనో మినియాపోలిస్‌లోనో ఉన్న పిల్లలు నవంబరు వచ్చేసరికి "ఏం చేయబుద్ధి కావట్లేదమ్మా" అంటే బద్ధకం అని తిట్టకండి. అక్కడి డాక్టర్ను ఆ దీపం గురించి అడగమనండి. బైపోలార్ ఉంటే ఆ దీపం కూడా డాక్టర్ చెప్పాకే.

నడక వారానికి 150 నిమిషాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. దిగులులో ఉన్న మనిషికి ఈ లెక్క చెబితే ఇంకా కుంగిపోతారు. పక్కింటామె వచ్చి తలుపు కొట్టే ఏర్పాటు చేయండి, పది నిమిషాలు చాలు. మనసు బాగైతే నడుద్దామని కూర్చుంటే ఆ రోజు రాదు. ముందు కాళ్లు కదలాలి, మనసు వెనక వస్తుంది. బతుకమ్మ తొమ్మిది రోజులూ మా వీధిలో నిద్ర గోలీ చీటీలు తక్కువ వస్తాయని నాకు అనిపిస్తుంది. అది నా అనిపింపే, రుజువు అడగొద్దు.

తిండి మీద 2017లో ఆస్ట్రేలియాలో ఒక ప్రయోగం జరిగింది. దిగులు జబ్బున్న 67 మందిలో కొందరికి పన్నెండు వారాలు కూరలు, పప్పులు, ముడిధాన్యం, గింజలు, చేపలు ఎక్కువుండే తిండి అలవాటు చేయించారు. మిగతావాళ్లకు కబుర్లతో తోడిచ్చారు. తిండి మార్చుకున్నవాళ్లలో దాదాపు మూడోవంతు జబ్బు నుంచి బయటపడ్డారు, రెండోవైపు వందకు ఎనిమిది మంది. చిన్న ప్రయోగమే, అందులోనూ చాలామంది మందులు వాడుతూనే ఉన్నారు. మన కంచంలో అదంటే జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, గుప్పెడు పల్లీలు, వారానికి రెండుసార్లు చేప. అవిసె గింజలు మంచివే కానీ చేపలో దొరికే ఒమేగా-3కి సాటి రావు, వాటిని ఒళ్లు ఆ రూపంలోకి మార్చుకునేది చాలా తక్కువ.

అశ్వగంధ, దాని చుట్టాలు

ఇప్పుడు అందరూ అడిగేదానికి వద్దాం. మనవైపు పెన్నేరు అంటాం. ఆందోళన, నిద్రలేమిలో కొంత పనిచేస్తుందని చూపిన చిన్న ప్రయోగాలు చాలానే ఉన్నాయి. ఎక్కువ వాటిలో వాడింది వేరు నుంచి తీసిన సారం, 300 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎనిమిది వారాలు. ఇక్కడే జనం తికమకపడతారు. సారం, చూర్ణం ఒకటి కాదు. చూర్ణమైతే ఆయుర్వేదంలో మోతాదు 3 నుంచి 6 గ్రాములు. సారం గోలీ మింగుతూ పాలల్లో చూర్ణం కూడా కలుపుకుంటే రెండు మోతాదులు పడ్డట్టే. డబ్బా మీద 'వేరు' అని, ఎంత సారమో రాసుందో లేదో చూసి కొనండి. ఆకు కలిపినవి వద్దు.

నేనైతే ఇలా వాడమని చెప్తాను. ఒక్కటే మొదలుపెట్టండి. అశ్వగంధ, బ్రాహ్మి, జటామాంసి మూడూ ఒకేసారి మొదలుపెడితే ఏది మేలు చేసిందో ఏది దద్దుర్లు తెచ్చిందో బ్రహ్మకు కూడా తెలియదు. క్యాలెండర్ మీద మొదలుపెట్టిన తేదీ రాయండి. రోజూ పొద్దున నిద్ర ఎలా పట్టిందో పదికి ఎన్ని మార్కులో ఆ గడిలోనే వేయండి. ఎనిమిది వారాలకు మార్కులు మారకపోతే ఆపేయండి. మారినా మూడు నెలలు దాటి వాడాలంటే డాక్టర్ను అడగాలి. ఆకలి చచ్చిపోయి, ఒళ్లు దురద పెట్టి, మూత్రం ముదురు రంగులోకి మారి, కళ్లు పచ్చబడితే ఆ పూటే ఆపి లివర్ పరీక్ష చేయించుకోండి. అరుదే గానీ అశ్వగంధతో లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి. హార్మోన్ల మీద దాని ప్రభావం గురించిన అనుమానంతో 2023లో డెన్మార్క్ దాని అమ్మకాన్నే నిషేధించింది.

గర్భిణులు, లివర్ జబ్బున్నవాళ్లు అసలు ముట్టొద్దు. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్‌ను పెంచగలదు కాబట్టి థైరాక్సిన్ గోలీ వాడేవాళ్లు అడక్కుండా వాడకూడదు. షుగర్ గోలీలు వేసుకునేవాళ్లకు షుగర్ మరీ పడిపోవచ్చు. క్లోనజిపాం, ఆల్ప్రజోలం వాడేవాళ్లకు మత్తు మీద మత్తు ఎక్కుతుంది, తెల్లవారుజామున బాత్రూంలో జారిపడే పెద్దవాళ్లు ముఖ్యంగా చూసుకోవాలి.

సరస్వతి ఆకు, బ్రాహ్మి ఒకటి కాదు. సరస్వతి ఆకు గుండ్రంగా, అంచు రంపంలా ఉంటుంది. నీటి బ్రాహ్మి ఆకు చిన్నది, దళసరిది. పరీక్షల కాలంలో పిల్లలకు పెట్టేవాళ్లు ఏది కొంటున్నారో చూసుకోండి. బ్రాహ్మి ఖాళీ కడుపుతో వేస్తే కడుపునొప్పి, విరేచనాలు పట్టుకుంటాయి. పరీక్ష పొద్దున మొదటి మోతాదు ఇచ్చి పిల్లను హాలుకు పంపేవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

సారస్వతారిష్టం, అశ్వగంధారిష్టం సీసాల మీద చిన్న అక్షరాల్లో ఆల్కహాల్ శాతం ఉంటుంది. పులియబెట్టి చేసేవి కాబట్టి అందులో 5 నుంచి 10 శాతం దాకా సారా దానంతట అదే పుడుతుంది. తాగుడు మానడానికి డైసల్ఫిరాం వేసుకునే మనిషికి ఇంట్లోవాళ్లు "నరాలకు బలం" అని ఈ అరిష్టం రెండు మూతలు పోస్తే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులతో ఆస్పత్రికి పరుగెత్తాల్సొస్తుంది. డైసల్ఫిరాం కొనేవాళ్లకు ఈ మాట చెప్పకుండా నేను కవరు చేతికివ్వను.

పసుపు పండించే ఊళ్లో ఉండి పసుపు గోలీలు అమ్మడం నాకు ఎప్పుడూ నవ్వు తెప్పిస్తుంది. మనసుకు పసుపులోని కర్‌క్యుమిన్ మేలు చేస్తుందంటారు. అది ఒంటికి పట్టేది బహు కొద్ది, అందుకే మిరియాల సారం కలుపుతారు. ఆ మిరియాల సారమే మూర్ఛ మందు ఫెనిటాయిన్ లాంటి వాటి మోతాదును రక్తంలో పెంచేస్తుంది. కూరలో పసుపు, రసంలో మిరియం వేరు. గోలీలో కుక్కినంత వేరు.

కలపకూడనివి

అమెరికా నుంచి వచ్చే పిల్లల సూట్‌కేసుల్లో సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక సీసాలుంటాయి. తేలికపాటి దిగులుకు అది పనిచేస్తుందన్నది నిజమే. కానీ దిగులుకు డాక్టర్లు రాసే ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి గోలీలు వేసుకునేవాళ్లు దాన్ని కలిపితే మెదడులోని సెరటోనిన్ అనే రసాయనం హద్దు దాటి జ్వరం, వణుకు, మతి తప్పడం దాకా పోతుంది. గర్భనిరోధక గోలీలు, రక్తం పలచబడే వార్ఫరిన్, హెచ్‌ఐవీ మందులు, కిడ్నీ మార్పిడి మందులు దాని వల్ల పనిచేయకుండా పోతాయి. ఇంటికి తెచ్చిన సీసా తల్లికో చెల్లికో ఇచ్చేముందు ఆమె వాడే స్ట్రిప్పులన్నీ ఒకచోట పెట్టి ఫార్మసిస్టుకు చూపించండి.

ఇంకొకటి చాలామందికి తెలియనిది. బైపోలార్‌కు వాడే లిథియం స్వయానా ఒక ఖనిజ లవణం, కిడ్నీ దాన్ని ఉప్పుతో పాటే లెక్క చూస్తుంది. ఒంట్లో ఉప్పు తగ్గితే కిడ్నీ లిథియంను బయటికి పోనివ్వకుండా పట్టేసుకుంటుంది. ప్రకృతి వైద్యం పేరుతో ఉప్పు మానేసి రసాల మీద ఉపవాసం ఉంటే, ఎండల్లో నీళ్లు తక్కువై చెమట ధారగా పోతే, ఒళ్లునొప్పులకు బ్రూఫెన్ వేసుకుంటే లిథియం రక్తంలో పేరుకుపోతుంది. చేతులు బాగా వణకడం, తూలడం, మాట తడబడటం, విరేచనాలు మొదలైతే అదే గుర్తు, వెంటనే ఆస్పత్రి. ఉప్పులేని తిండి మన రాష్ట్రాల్లో బాగా పాకింది. బీపీ ఉన్నవాళ్లకు మంచి చేసే ఆ తిండే లిథియం వాడే మనిషికి విషమవుతుంది.

సర్పగంధ కథ కూడా వినాలి. మన ఆయుర్వేదం నుంచి వచ్చిన ఆ వేరును పిచ్చికి, రక్తపోటుకు మందని 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ రాశారు. 1952లో దాని నుంచి రిసెర్పిన్‌ను విడదీశారు. మానసిక వైద్యంలో తొలి తరం మందుల్లో అదొకటి. తర్వాత బీపీకి అదే మందు వాడినవాళ్లలో కొందరు తీవ్రమైన దిగులులోకి జారారని డాక్టర్లు రాయడం మొదలుపెట్టారు. అందుకే సర్పగంధ గోలీ నిద్రకు అడిగేవాళ్లకు నేను చీటీ లేకుండా ఇవ్వను. దిగులున్నవాళ్లకు అసలే వద్దంటాను.

అన్నిటికంటే ఎక్కువ జరిగే నష్టం మాత్రం కలపడం వల్ల కాదు, మానేయడం వల్ల. ఎస్సిటలోప్రామ్ లాంటివి పని మొదలుపెట్టడానికే రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. రెండో వారంలో గుణం కనబడలేదని ఆపి చూర్ణం పట్టుకుంటారు. కొన్ని నెలలు వాడినవాళ్లు హఠాత్తుగా ఆపితే తల తిరుగుతుంది, తలలో కరెంటు కొట్టినట్టవుతుంది. "చూసినవా, ఇంగ్లీషు గోలీ ఎట్ల పట్టుకున్నదో" అంటారు. డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గిస్తే ఆ బాధ చాలావరకు ఉండదు.

పొట్లాలు, శిబిరాలు, ప్రయాణాలు

వైద్యుడి దగ్గరికి వెళితే బీఏఎంఎస్ (ఆయుర్వేద డిగ్రీ) చదివారా అడగండి. కాగితంలో కట్టిచ్చిన పొట్లం మందు తీసుకోకండి. లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, లోపలున్నవాటి పేర్లు లేని చూర్ణంలో నిద్ర గోలీల పొడి ఉన్నా మనకు తెలియదు. "ఒక్క రాత్రిలోనే గుణమొచ్చింది" అన్న పొట్లాన్ని నేను ముందుగా అనుమానిస్తాను. 2004లో బోస్టన్‌లో దుకాణాల్లో కొన్న దక్షిణాసియా ఆయుర్వేద మందులు 70 పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ దొరికాయి. లోహాలు, పాదరసంతో చేసే భస్మాలు, రసాలు సొంతంగా కొనుక్కుని వాడొద్దు. మూర్ఛ, పిచ్చి, నరాల బలహీనత పోగొడతామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం. బస్సు వెనక ఆ అక్షరాలు కనబడితే అటు వెళ్లాల్సిన పని లేదు.

అభ్యంగం (నూనెతో ఒళ్లు మర్దన), శిరోధార (నుదుటి మీద నూనె ధార) ఒంటికి హాయినిస్తాయి. డబ్బుంటే చేయించుకోండి, జబ్బు నయమవుతుందని అప్పు చేసి మాత్రం వద్దు. నీలాంబరి రాగం వింటే నిద్రపడితే వినండి. లావెండర్ వాసన నచ్చితే దిండుకు ఒక చుక్క.

హైదరాబాద్ నాగార్జునసాగర్ రోడ్డులో ధమ్మ ఖేత్త విపశ్యన ధ్యాన కేంద్రం ఉంది. పది రోజులు మాట లేకుండా కూర్చోవాలి. చేరేముందు ఇచ్చే ఫారంలో మానసిక జబ్బులు, మందుల గురించి అడుగుతారు. అక్కడ నిజం రాయండి. తీవ్రమైన జబ్బు ఉన్నవాళ్లకు ఆ మౌనం పడదని వాళ్లే చెబుతారు, దాచిపెట్టి వెళ్లడం సాహసం కాదు.

కొండగట్టుకో దర్గాకో తీసుకెళ్తామంటే నేను వద్దనను. గోలీల డబ్బా సంచిలో పెట్టుకెళ్లండి, అక్కడున్నన్ని రోజులూ వేళకు వేయండి. మనిషిని గొలుసుతో కట్టడం మాత్రం 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఎక్కడైనా నిషిద్ధమే. 2001 ఆగస్టులో తమిళనాడు ఎర్వాడిలో మంటలు లేచినప్పుడు గొలుసులతో ఉన్న 28 మంది కదల్లేక కాలిపోయారు.

గల్ఫ్ పోయేవాళ్లకు. నిద్రకని అమ్మ కట్టిచ్చే గసగసాలు యూఏఈ, సౌదీ, ఖతర్‌లలో నిషేధం, ఎయిర్‌పోర్టులో దొరికితే జైలే. గంజాయి ఆకుతో చేసే విజయ తైలాలు ఇక్కడ చీటీ మీద దొరుకుతాయి గానీ అక్కడికి తీసుకెళ్లకూడదు. ఆల్ప్రజోలం, క్లోనజిపాం లాంటివి అవసరమైతే ఆ దేశం అనుమతి ముందే తీసుకుని, డాక్టరు చీటీ, మందు అసలు డబ్బాతో సహా పట్టుకెళ్లండి. విడి గోలీలు కాగితంలో చుట్టి తీసుకెళ్లడం మానండి.

ఆపరేషన్ ఏదైనా ఉంటే మత్తు డాక్టరుకు మీరు వాడే చూర్ణాలు, అరిష్టాలు, నూనె గోలీలు అన్నీ చెప్పండి. చాలావాటిని రెండు వారాల ముందే ఆపమంటారు. "మందులేమన్నా వాడుతున్నారా" అని అడిగితే చాలామంది లేదంటారు, ఎందుకంటే అశ్వగంధ వాళ్ల లెక్కలో మందు కాదు. డబ్బా ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి, పేరు గుర్తుండక్కర్లేదు, చూపిస్తే సరిపోతుంది.